మన బాల్యానికి ఎనిమిది పాటలు



1942 జనవరిలో, రెండో ప్రపంచ యుద్ధం ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, లండన్‌లో బి.బి.సి. వారు ఒక కార్యక్రమం ప్రారంభించారు. రాయ్ ప్లమ్లీ అనే ఆయనకు వచ్చిన ఆలోచన అది. ఒక ప్రముఖ వ్యక్తిని పిలుస్తారు. ఎవరూ లేని దీవిలో ఒంటరిగా చిక్కుకుపోతే, వెంట ఎనిమిది గ్రామఫోను రికార్డులు మాత్రమే ఉంచుకోవచ్చునంటే, ఏవి ఎంచుకుంటారని అడుగుతారు. ఆ ఎనిమిది పాటల చుట్టూ ఆ మనిషి జీవితమంతా బయటికి వస్తుంది. ఎనభై ఏళ్ళు దాటినా ఆ కార్యక్రమం సాగుతూనే ఉంది. మన వివిధభారతిలో సినీ ప్రముఖులు సైనిక సోదరుల కోసం పాటలు ఎంచి వినిపించిన 'జైమాలా' కూడా దాదాపు ఇలాంటిదే.

ఇప్పుడు అదే ప్రశ్న మనల్ని మనం వేసుకుందాం. మడకశిర, హిందూపురం, పావగడ, బాగేపల్లి, చింతామణి, ముళబాగిలు, కుప్పం, పలమనేరు ప్రాంతాల్లో పుట్టి, చదువుకో బతుకుతెరువుకో బెంగుళూరు చేరినవాళ్ళం మనలో చాలామంది. మన బాల్యానికి ఎనిమిది పాటలు ఎంచమంటే ఏవి ఎంచుతాం?

ముందుగా ఒక షరతు. మనకు నచ్చిన గొప్ప పాటల పట్టిక కాదు ఇది. చిన్నప్పుడు పాటలు మనం ఎంచుకోలేదు, అవే వచ్చి చెవిన పడ్డాయి. పక్కింటివారి రేడియో, గుడి మీది మైకు, టెంటు సినిమా గూబ, పొలంలో కలుపు తీసే ఆడవాళ్ళు, వీళ్ళే మనకు పాటలు ఎంచి పెట్టారు. కాబట్టి ఆ పట్టిక వేయడమంటే మన అభిరుచి చెప్పుకోవడం కాదు. మన ఊళ్ళో ఎప్పుడు ఏ గొంతు వినిపించిందో, ఎవరు వినిపించారో ఆ చరిత్ర రాసుకోవడం.

మొదటి పాట యంత్రాలు రాకముందుది. చింతామణి దగ్గరి కైవారంలో నారాయణ తాతయ్య అనే యోగి ఉండేవారు. 1726లో పుట్టి 1836 వరకు, నూటపదేళ్ళు జీవించారని సంప్రదాయం చెబుతుంది. ఆయన ఇటు తెలుగులోను అటు కన్నడంలోను రాశారు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో భజన చేసేవారు తెలుగు పాట తర్వాత కన్నడ పాట అందుకుంటారు. భాష మారిందని అక్కడెవరూ అనుకోరు. సరిహద్దు పిల్లవాడికి రెండు భాషలు రెండు బడుల్లో రాలేదు, ఒకే భజన మందిరంలో, ఒకే తాళానికి వచ్చాయి.

తర్వాత సరిహద్దు గీత పడింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి మైసూరు వైపు వెళ్ళింది. 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్విభజన జరిగింది. పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్ర, మడకశిరకు మూడు వైపులా కర్ణాటక. అవ్వగారి ఊరు ఒక రాష్ట్రంలో, నాన్నగారి ఊరు ఇంకో రాష్ట్రంలో పడ్డ కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. బడిలో పిల్లవాడు దిద్దే అక్షరాలు ఆ గీతను బట్టి మారిపోయాయి.

కాని గాలికి ఆ గీత లేదు. 1935లో మైసూరులో ఆచార్య ఎం.వి. గోపాలస్వామి సొంతంగా ఒక రేడియో కేంద్రం నెలకొల్పారు. 'ఆకాశవాణి' అనే పేరుతో నడిచింది అదే. 1938లో మద్రాసు కేంద్రం, 1948లో విజయవాడ కేంద్రం, 1955లో బెంగుళూరు కేంద్రం, 1963లో కడప కేంద్రం వచ్చాయి. మన ప్రాంతంలో రేడియో ముల్లు కాస్త కదిపితే చాలు, తెలుగు, కన్నడం, తమిళం మూడూ పలికేవి. రేడియోకు పోస్టాఫీసులో ఏటా రుసుము కట్టవలసిన రోజులవి. వీధికి ఒక పెట్టె ఉంటే గొప్ప. ఆ పెట్టెగల ఇంటాయన ఏ కేంద్రం పెడితే వీధి పిల్లలందరి బాల్యానికీ అదే సంగీతం.

1952 తర్వాత కేంద్రమంత్రి బి.వి. కేస్కర్ హయాంలో ఆకాశవాణిలో సినిమా పాటలకు కత్తెర పడింది. శాస్త్రీయ సంగీతం పెరగాలని ఆయన ఉద్దేశం. జనం మాత్రం రేడియో ముల్లు సిలోను వైపు తిప్పారు. చివరికి 1957 అక్టోబరు 3న వివిధభారతి మొదలై సినిమా పాట మళ్ళీ ఇంటికి వచ్చింది. ఒక మంత్రిగారి అభిరుచి ఎక్కడో పల్లెలో ఉన్న పిల్లవాడి చెవిదాకా వచ్చిందంటే, పాటల పట్టిక చరిత్ర ఎలా అవుతుందో గమనించండి.

రెండో పాట టెంటు సినిమాది. సాయంత్రం టిక్కెట్లు ఇవ్వబోతున్నారని తెలియడానికి ఘంటసాల పాడిన 'నమో వెంకటేశా' రికార్డు పెట్టేవారు. ఊరి చివర ఆ పాట వినిపిస్తే ఇళ్ళలో అన్నాలు తొందరగా ముగిసేవి. అది భక్తి గీతమే అయినా ఆనాటి పిల్లలకు అది సినిమాకు పరుగెత్తమనే గంట.

మూడోది 'మల్లీశ్వరి' పాట. ఆ చిత్రం 1951లో వచ్చింది. దర్శకుడు బి.ఎన్. రెడ్డి కడప జిల్లావారు. కథ రాయలనాటిది. పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రివి, సంగీతం సాలూరి రాజేశ్వరరావుది. హంపీ, పెనుగొండ మధ్య పెరిగినవాళ్ళకు రాయలు పుస్తకంలోని రాజు కాడు, పక్క ఊరి కోటలో ఉండి పోయినవాడు. ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి. చిత్రం విడుదలైన సంవత్సరం, మన ఊరికి వచ్చిన సంవత్సరం ఒకటి కావు. పాత చిత్రాలు టెంట్లలో ఏళ్ళ తరబడి తిరిగేవి. మీ పట్టికలో రెండు సంవత్సరాలూ విడివిడిగా రాసుకోండి. మీ బాల్యానికి సంబంధించినది రెండోదే.

నాలుగో పాట కన్నడంలోది. అది లేకపోతే మన పట్టిక అబద్ధమవుతుంది. కన్నడ కంఠీరవుడు రాజ్‌కుమార్ నటించిన ఒకే ఒక తెలుగు చిత్రం 1954లో వచ్చిన 'కాళహస్తి మహాత్మ్యం'. ఆయన తర్వాత తెలుగుకు రాలేదు గాని, తెలుగు గొంతు ఆయన దగ్గరికి వెళ్ళింది. 1930లో కాకినాడలో పుట్టిన పి.బి. శ్రీనివాస్ ఏళ్ళ తరబడి రాజ్‌కుమార్‌కు పాటల గొంతుగా నిలిచారు. 1974లో 'సంపత్తిగె సవాల్' చిత్రం నుంచి రాజ్‌కుమార్ తన పాటలు ఎక్కువగా తానే పాడుకుంటూ వచ్చారు. గుంటూరు జిల్లాలో పుట్టిన ఎస్. జానకి గొంతు కన్నడ శ్రోతలకు ఇంటి ఆడపడుచు గొంతు. నెల్లూరులో పెరిగిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గానయోగి పంచాక్షరి గవాయి కథగా వచ్చిన కన్నడ చిత్రంలో పాడి జాతీయ పురస్కారం అందుకున్నారు. భాష పేరుతో బెంగుళూరు వీధుల్లో మాటలు పెరిగిన రోజుల్లో కూడా ఈ గొంతులు రెండు ఇళ్ళలోనూ మోగుతూనే ఉన్నాయి. 2013లో శ్రీనివాస్, 2020లో బాలు కన్నుమూసినప్పుడు గీతకు రెండు వైపులా ఒకే దుఃఖం.

అయిదో పాట కోసం బెంగుళూరు చామరాజపేటకు వెళ్ళాలి. 1930 దశకం చివర ఎస్.వి. నారాయణస్వామిరావు ప్రారంభించిన శ్రీరామసేవా మండలి వారు అక్కడి కోట హైస్కూలు ఆవరణలో శ్రీరామనవమికి పందిరి వేసి వారాల తరబడి కచేరీలు జరిపిస్తూ వచ్చారు. దేశంలోని పెద్ద విద్వాంసులంతా ఆ పందిట్లో పాడినవారే. వినేవారు కన్నడిగులు, తమిళులు, తెలుగువారు. పాడేవారి మాతృభాష ఏదైనా కీర్తన త్యాగరాజస్వామిది, అంటే మాట తెలుగు. ఇంట్లో అమ్మతో మాట్లాడే భాషను బయట మాట్లాడడానికి సిగ్గుపడే పిల్లవాడు, వేలమంది చేతులు జోడించి ఆ భాషనే వినడం చూసి ఏమనుకుని ఉంటాడో ఊహించండి. బడి ఇవ్వని ధైర్యం ఆ పందిరి ఇచ్చింది.

ఆరో పాట తెల్లవారుజాముది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గానం చేసిన వేంకటేశ్వర సుప్రభాతం 1963లో రికార్డుగా వచ్చింది. ఆనాటి మన చిత్తూరు జిల్లా కొండమీది దేవుడు అప్పటినుంచి బెంగుళూరు వంటింట్లో కూడా నిద్రలేచాడు. ఇక్కడ ఒక పెద్దమనిషిని తలచుకోవాలి. అనంతపురం జిల్లా రాళ్ళపల్లిలో 1893లో పుట్టిన రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దాలపాటు తెలుగు బోధించారు. తర్వాత తిరుపతిలో అన్నమయ్య సంకీర్తనలకు స్వరాలు కూర్చారు. 1979లో బెంగుళూరులో కన్నుమూశారు. అనంతపురం, మైసూరు, తిరుపతి, బెంగుళూరు, ఈ నాలుగు ఊళ్ళనూ ఒక దారంతో కట్టిన జీవితం అది. మనం ఇవాళ వినే అన్నమయ్య పాట వెనుక ఇలాంటి సరిహద్దు మనుషుల శ్రమ ఉంది.

ఏడోది ఘంటసాల భగవద్గీత. 1974 ఫిబ్రవరి 11న ఆయన పోయారు. ఆయన చివరి కానుకగా మిగిలింది ఈ గీత. మొదట్లో అది పూజగదిలో, పరీక్షల ఉదయాన వినిపించేది. పోనుపోను ఎవరైనా పోయిన ఇంటిముందు పెట్టడం అలవాటైంది. ఇప్పుడు వీధి మలుపులో ఆ గొంతు వినిపిస్తే "ఎవరు పోయారు?" అని అడుగుతున్నాం. పాట మారలేదు, విన్న సందర్భం మారింది. మీ పట్టికలో ఇలా అర్థం మారిన పాట ఒకటైనా ఉంటుంది. దాన్ని భయపడి తీసేయకండి.

ఇక ఎనిమిదోది. ఈ పాటకు రికార్డు లేదు. మీ అవ్వ పాడిన జోల, పెళ్ళిలో అత్తలు పాడిన అలకపాట, వడ్లు దంచేటప్పటి పదం. అది ఏ కేంద్రం ప్రసారం చేయలేదు, ఏ దుకాణంలోనూ దొరకదు. అందులోని సగం మాటలు కన్నడం కావచ్చు, కొన్నిటికి అర్థం మీకూ తెలియకపోవచ్చు. మొదటి ఏడు పాటలు పోగొట్టుకున్నా మళ్ళీ తెచ్చుకోవచ్చు. ఈ ఒక్కటీ పాడినవారితో పోతుంది.

ఎందుకింత పట్టింపు అంటారేమో! బెంగుళూరులో మన పిల్లలు చాలామంది తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు, రాయలేరు. అది వారి తప్పు కాదు, బడిలో వారికి ఆ అక్షరాలు లేవు. వారికి తెలుగు మిగిలితే చెవి ద్వారానే మిగలాలి. వెనుక వీధికొక రేడియో ఉండి, ఇష్టం ఉన్నా లేకపోయినా పెద్దల పాట పిల్లలు వినేవారు. ఇప్పుడు ఎవరి చెవిలో వారి పాట. ఒకే ఇంట్లో నలుగురు నాలుగు పాటలు వింటూ, ఒకరిది ఒకరికి వినిపించకుండా కూర్చుంటున్నారు. కాబట్టి మనం వినిపించాలని అనుకుంటే తప్ప వారికి వినిపించదు.

ఈ ఆదివారం ఒక కాగితం తీసుకోండి. ఎనిమిది వరుసలు గీయండి. ప్రతి పాటకూ ఎదురుగా మూడు సంగతులు రాయండి: ఎక్కడ విన్నారు, ఎవరు పెట్టారు, పక్కన ఎవరు కూర్చున్నారు. ఎనిమిదో వరుస కోసం ఇంట్లో పెద్దావిడ దగ్గర కూర్చుని, మీ ఫోను ఆమె ముందు పెట్టి పాడించండి. గొంతు వణికినా, మధ్యలో మరచిపోయినా ఆపకండి. మనవడు పక్కనే ఉండాలి. రేపు ఎవరైనా అతణ్ణి ఎనిమిది పాటలు ఎంచమంటే, వాటిలో మొదటిది అదే కావచ్చు.