ఉద్యోగంలో మొదటి రోజు: ఓరియంటేషన్ గుర్తుండాలంటే ఏం చేయాలి?

కొత్తగా చేరినవారికి సంస్థ పద్ధతులు, పని, హక్కులు పరిచయం చేసే కార్యక్రమమే ఓరియంటేషన్. కొన్నిచోట్ల దీన్నే ఇండక్షన్ అంటారు. చాలా ఆఫీసుల్లో ఇది గంటల తరబడి స్లైడ్లు చూపించి, కాగితాల మీద సంతకాలు పెట్టించుకోవడంతో సరిపోతుంది. సాయంత్రానికి కొత్తవాళ్లకు గుర్తుండేది చాలా తక్కువ.

ఎందుకు మర్చిపోతారు?

జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ఒక విషయం చెప్పారు. కొత్తగా నేర్చుకున్నదాంట్లో చాలా భాగం మొదటి కొన్ని గంటల్లోనే పోతుంది, మధ్యమధ్యలో మళ్లీ చదివితే నిలుస్తుంది. అందుకే అన్నీ ఒకే రోజు చెప్పకుండా, నెల రోజుల పాటు కొద్దికొద్దిగా చెప్పడం మేలు.

విప్రోలో ఏం తేలింది?

విప్రో కాల్ సెంటర్లలో చేసిన ఒక ప్రయోగం 2013లో ప్రచురితమైంది. కొందరు కొత్తవాళ్లకు కంపెనీ గొప్పదనం చెప్పారు. మరికొందరిని మాత్రం 'మీ బలం ఏంటి? దాన్ని ఈ పనిలో ఎలా వాడతారు?' అని అడిగి, వాళ్ల సొంత పేరున్న బ్యాడ్జీలు ఇచ్చారు. ఆరు నెలల తర్వాత చూస్తే, ఈ రెండో బృందంలోనే ఉద్యోగం మానేసినవాళ్లు తక్కువ. దీనికి పెద్ద ఖర్చేమీ కాలేదు.

తప్పక చెప్పాల్సినవి

- పీఎఫ్: యూఏఎన్ నంబర్, నామినేషన్. ఉద్యోగంలో ఉండగా సభ్యుడు చనిపోతే ఈడీఎల్ఐ బీమా కింద కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల రూపాయల దాకా వస్తుంది. నామినేషన్ లేకపోతే ఇంట్లోవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగాల్సి రావచ్చు. కాబట్టి ఆ రోజే, అక్కడే, ఫోన్‌లో పూర్తి చేయించాలి.
- ఈఎస్ఐ: నెల జీతం 21,000 రూపాయల వరకు ఉన్నవారికి వర్తిస్తుంది. జీతంలో 0.75 శాతం కోస్తారు. ఉద్యోగితో పాటు అతని మీద ఆధారపడిన కుటుంబానికీ వైద్యం అందుతుంది.
- వేధింపుల ఫిర్యాదు: 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకు మించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. సభ్యుల పేర్లు చెప్పి, వీలైతే వాళ్లను పరిచయం చేయాలి.

చిన్న షాపుల్లో అయితే?

హెచ్‌ఆర్ లేకపోయినా ఫర్వాలేదు. యజమాని అరగంట కూర్చుని మాట్లాడాలి. వారం రోజులు ఒక సీనియర్‌ను తోడు పెట్టాలి. ఆ తర్వాత 'ఏది అర్థం కాలేదు?' అని అడగాలి. కొత్త కుర్రాడు సిగ్గుపడి అడగని ప్రశ్నే రేపు బిల్లులో తప్పుగా బయటపడుతుంది.

పిల్లలు కొత్త జాబ్‌లో చేరితే ఇంట్లో పెద్దలూ 'జీతం ఎంత?' దగ్గరే ఆగకుండా, 'నామినేషన్ చేశావా?' అని ఒక మాట అడగడం మంచిది.