దీపపు మసి నుండి రామగుండము పొగగొట్టము వరకు

కిరోసిను దీపపు చిమ్నీకి లోపలివైపున మసి పట్టుట కరీంనగరు, ఆదిలాబాదు పల్లెలలో ఒకప్పుడు ప్రతి యింటను కనబడిన విషయమే. దీనికి కారణమేమి? మంటవైపు గాలి వేడిగాను, గాజువైపు చల్లగాను ఉండును. వేడిగాలి అణువులు మసికణమును గట్టిగా తాకును. చల్లనివైపు తాకిడి బలహీనము. అందుచే కణము చల్లని గాజువైపునకు జరుగును. ఇట్లు ఉష్ణోగ్రత చోటునుబట్టి క్రమముగా మారుటనే ఉష్ణోగ్రతా ప్రవణత యందురు.

1870లో జాన్ టిండాల్ ధూళి నిండిన గాలిలో వేడి వస్తువు నుంచి, దానిపై కాంతిని ప్రసరింపజేసెను. వస్తువునకు పైన ధూళి లేని నల్లని చార కనబడెను. వేడి తలము నుండి ధూళి తొలగునని, చల్లని తలముపై అది పేరుకొనునని 1884లో జాన్ ఐట్కెన్ ప్రయోగములతో చూపెను.

ఆ కాలముననే లివర్‌పూల్‌లో ఆలివర్ లాడ్జ్ ఈ చారను పరిశీలించుచు, విద్యుత్తును ప్రయోగించి చూచెను. పాత్రలోని పొగ యంతయు త్వరలోనే విడిపోయెను! ఇట్టి ప్రయోగమును 1824లోనే లైప్‌జిగ్‌లో హోల్‌ఫెల్డ్ చేసియుండెను గాని, అది మరుగున పడెను. 1885లో వేల్సులోని సీసపు కార్ఖానాలో లాడ్జ్ పద్ధతిని ప్రయత్నించిరి, అది విఫలమయ్యెను. విద్యుద్యంత్రము చాలలేదు, సీసపు ధూళియు విద్యుత్తును సులభముగా పోనీయలేదు. 1907 ప్రాంతమున అమెరికాలో ఫ్రెడరిక్ కాట్రెల్ అధిక వోల్టేజి పరికరములతో గంధకామ్లపు మంచును పట్టి, ఈ విధానమును కార్ఖానాలకు అందించెను.

అదే విధానము గోదావరి తీరమునకు వచ్చినది. నాటి కరీంనగరు జిల్లాలోని రామగుండమున జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ మొదటి యూనిట్ 1983లో పనిచేయ నారంభించెను. ఆవలి ఒడ్డున, పూర్వపు ఆదిలాబాదు జిల్లా జైపూరులో, సింగరేణి సంస్థ 1200 మెగావాట్ల కేంద్రము 2016లో వచ్చెను. ఇట్టి కేంద్రములలో పొగ పలకల నడుమ సాగును. ఆ నడుమ వ్రేలాడు తీగలకు వేల వోల్టుల విద్యుత్తునిత్తురు. బూడిద కణములు ఆవేశము పొంది పలకలకు అంటుకొనును. సుత్తెలు పలకలను తట్టగా క్రిందికి రాలును.

అయినను లాడ్జ్‌ను ఓడించిన చిక్కు తొలగిపోలేదు. మన బొగ్గులో బూడిద ఎక్కువ, గంధకము తక్కువ. అందుచే బూడిదయు విద్యుత్తును సులభముగా పోనీయదు. పలకలను మరింత విశాలముగా నిర్మింపవలసి వచ్చును. నూరు టన్నుల బూడిదలో 99.9 శాతము పట్టినను, నూరు కిలోలు గాలిలో కలియును. అందు మిక్కిలి సూక్ష్మమైన కణములే పట్టుటకు కష్టమైనవి. ఊపిరితిత్తుల లోతులకు చేరునవియు అవియే. కావున ఆ మిగిలిన పదవ వంతు శాతము పొగగొట్టముల చెంత నివసించువారికి స్వల్ప విషయము కాదు.