బీకేఎస్ చెరువులో పొద్దున్నే

తెల్లవారి ఐదున్నర. చెప్పులు ఒడ్డునే విడిచేయండి. ఈ ఒండ్రులో వాటితో నాలుగడుగులు కూడా పడవు.

బుక్కరాయసముద్రం చెరువు ఇది. అనంతపురాన్ని ఆనుకునే ఉంది. జనం నోట్లో అరిగి అరిగి బీకేఎస్ అయింది. విజయనగరం బుక్కరాయల పేరు, వెనకాల సముద్రం. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే చోట చెరువును సముద్రమన్నారేమిటని మే నెలలో నవ్వొస్తుంది. నిండిన ఏడు కట్ట మీద నిలబడితే ఆ నవ్వు రాదు.

ఇప్పుడు మే. నీళ్ళు కట్ట వైపుకు పోయాయి. కట్టకు ఎదురు దిక్కున, వాగు దిగే వైపు నుంచి లోపలికి నడుస్తున్నారు మీరు. మొదట కాలికి తగిలేవి నెర్రెలు, అరచెయ్యి దూరేంతవి. వాటి మధ్య ఒండ్రు పెంకులు అంచులు పైకెత్తుకుని, అడుగేస్తే పటుక్కుమంటున్నాయి. ఇంకాస్త లోపలికి పోతే చప్పుడు ఆగిపోతుంది, నేల చల్లబడుతుంది. అక్కడ ఆగండి, కాళ్ళ దగ్గర చూడండి.

గట్టు. గట్టంటే పెద్ద మాటే, రెండు వేళ్ళ ఎత్తు. ఒండ్రు, సన్న ఇసుక, నత్తగుల్లలు, తుమ్మాకు, మేకల పెంటికలు అన్నీ కలిసి ఒక వరస కట్టాయి. నీళ్ళ అంచు ఎలా వంపు తిరిగిందో ఇదీ అలాగే వంపు తిరుగుతూ అవతలి కంపచెట్ల దాకా పోయింది. ఏడడుగులు వేస్తే ఇంకొకటి. మరో ఆరు వేస్తే ఇంకొకటి.

"ఏమప్పా, ఏం పారేసుకున్న్యావు?"

గొర్రెల కాపరి. భుజాన కంబళి, చేతిలో పొడుగాటి కర్ర. గీతల్ని చూస్తున్నానంటే ఆయనకు వింతేమీ అనిపించలేదు.

"అది నిన్నటిది. దాని యనకది మొన్నటిది. మాపట్నుంచి గాలి లేస్తాది సూడు, అల కొట్టి కొట్టి కసువంతా అంచుకు తోస్తాది. తెల్లారేసరికి నీళ్ళు జరిగింటాయి."

ఒక గట్టు మాత్రం చీలమండ ఎత్తుంది. దాన్ని కర్రతో తట్టి, "నడాన ఒక వాన పడె కదా, నాల్రోజులు ఈడ్నే నిలబడె నీళ్ళు" అన్నాడు. ఒక కంప పుల్ల విరిచి సరిగ్గా నీళ్ళ అంచున గుచ్చాడు. "రేపొచ్చి సూసుకో."

ఇక్కడ ఒక చిన్న లెక్క. మే ఎండకు చెరువు రోజుకు సుమారు సెంటీమీటరు దిగుతుంది. కట్ట వైపు రాతికట్టు నిట్రంగా ఉంది కాబట్టి అక్కడ సెంటీమీటరు దిగితే తడి మరక రెండు సెంటీమీటర్లు కిందికి జారుతుంది, అంతే. మీరు నిలబడ్డ వైపు నేల దాదాపు బల్లపరుపు. ఐదు మీటర్లకు ఒక సెంటీమీటరు వాలు అనుకుంటే, అదే సెంటీమీటరుకు అంచు ఐదు మీటర్లు పారిపోతుంది. దిగడం రెండు పక్కలా ఒకటే, పరుగు ఒక్క పక్కనే.

ఆ లెక్క చేతపట్టుకుని ఇప్పుడు అంటార్కిటికాకు రండి. థ్వైట్స్ హిమానీనదం ముందు, సుమారు 700 మీటర్ల లోతున సముద్రపు అడుగు. గుడ్డి చీకటి. ఆ చీకట్లో నారింజ రంగు యంత్రమొకటి నేలకు కొంచెం ఎత్తులో ఈదుకుంటూ, శబ్దంతో నేలను తడుముతూ పోతోంది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్ళ రాన్ అది. 2019లో అది గీసుకొచ్చిన పటంలో మీకు తెలిసిన బొమ్మే కనిపిస్తుంది. ఒకదాని వెనక ఒకటి 160కి పైగా గట్లు. ఎత్తు పది నుంచి డెబ్భై సెంటీమీటర్లు, ఎడం 1.6 నుంచి 10.5 మీటర్లు. మీ అడుగులతో కొలవదగ్గ ఎడమే.

అక్కడ అల లేదు, గాలి లేదు. గట్లు కట్టింది మంచు. మంచు తేలాలంటే దాని మందంలో పదింట తొమ్మిది వంతులు మునగాలి. మందం ఎక్కువున్నంత కాలం అది సముద్రపు అడుగున చతికిలబడి కూర్చుంటుంది. కరిగి పలచబడి ఆ లెక్కకు రాగానే నేలను వదిలి తేలుతుంది. కూర్చున్న మంచుకూ తేలే మంచుకూ మధ్యనున్న ఆ అంచే మన నీళ్ళ అంచు లాంటిది. పోటుకు అక్కడ మంచు లేస్తుంది, ఆటుకు కూర్చుంటుంది. కూర్చున్నప్పుడల్లా కింది ఒండ్రును నొక్కుతుంది. వేడి సంగటి ముద్ద మీద గిన్నె అంచు ఒత్తి చూడండి, పక్కకు ఉబ్బుతుంది కదా, అదే గట్టు. మళ్ళీ లేచి కూర్చునేసరికి అంచు కొంచెం వెనక్కి జరిగి ఉంటుంది. థ్వైట్స్ దగ్గర రోజుకు ఒక గట్టు. పక్షానికోసారి పోటు హెచ్చి తగ్గే లయ కూడా వాటి ఎత్తుల్లో కనబడింది.

2022లో ఈ లెక్క బయటికొచ్చింది. గడిచిన రెండు వందల ఏళ్ళలో ఎప్పుడో, ఆరు నెలలు కూడా నిండనంత కాలం పాటు, ఆ అంచు ఏడాదికి 2.1 కిలోమీటర్లకు మించిన వేగంతో వెనక్కి పోయింది. ఈ మధ్య ఉపగ్రహాలు చూసిన వేగానికి అది రెట్టింపు పైనే. రాన్ ఇప్పుడు లేదు. 2024లో మరో మంచు కింద దూరి తిరిగి రాలేదు.

నార్వే ముందున్న సముద్రం సంగతి వింటే ఈ వేగం నత్తనడక. అక్కడి గట్లు సుమారు 20,000 ఏళ్ళ కిందట, చివరి మంచుయుగం సడలేటప్పటివి. రెండున్నర మీటర్లకు మించి ఎత్తు లేనివి 7,600కు పైగా లెక్కపెట్టి 2023లో చెప్పారు. గట్టుకూ గట్టుకూ మధ్య దూరాన్ని బట్టి, మంచు రోజుకు 55 నుంచి 610 మీటర్లు వెనక్కి పోయింది. ఏడాదికి కాదు, రోజుకు. అదీ ఎక్కడ? నేల మరీ చదునుగా ఉన్న చోట. మంచు కొంచెం పలచబడితే చాలు, అంత మేర ఒక్కసారిగా తేలిపోయింది. మన వాగు దిగే వైపు ఉన్న వాలు లెక్కే.

కాపరి తట్టి చూపించిన ఎత్తు గట్టు లాంటివీ అక్కడున్నాయి. మంచు అంచు చాలా ఏళ్ళు ఒకే చోట ఆగిందంటే, అది మోసుకొచ్చిన మట్టంతా అక్కడే పోగుపడుతుంది. ఆ దిబ్బల ఎత్తు పదుల మీటర్లు, వెడల్పు కిలోమీటర్లు. గట్లన్నీ అడ్డం. వాటికి నిలువుగా, మంచు పారిన దిక్కున, గొర్రు తోలినట్టు తిన్నని సాళ్ళు కిలోమీటర్ల కొద్దీ ఉంటాయి. వీటన్నిటినీ పాడు చేసేవి మంచుకొండలు. విరిగి తేలుతూ పోయే కొండ అడుగు భాగం నేలకు తగిలితే, మేడి పట్టడం రానివాడు దున్నినట్టు వంకర టింకర చాళ్ళు పడతాయి, కింది గట్లు చెరిగిపోతాయి.

మంచు మనకు మరీ అంత పరాయిదేమీ కాదు. ఆదిలాబాద్ దాటి పెన్‌గంగ అవతల, చంద్రపూర్ దగ్గర ఇరాయ్ అనే చోట సున్నపురాతి పరుపు మీద గీకుళ్ళున్నాయి. సుమారు 30 కోట్ల ఏళ్ళ కిందటి మంచు రాళ్ళను ఈడ్చుకుంటూ పోయి నున్నగా అరగదీసి గీసినవి. భారత భూగర్భ సర్వే మనిషి ఫెడెన్ 1870లలోనే వాటి గురించి రాశాడు. ఆ మంచు కరుగుతూ వదిలేసిన గుండ్ల పొరలు గోదావరి లోయలోనూ ఉన్నాయి.

అనంతపురం గుట్టల మీది గుండ్లు మాత్రం ఆ కోవలోవి కావు. ఎవరో తెచ్చి పేర్చినట్టుంటాయి కాబట్టి కొత్తగా వచ్చినవాళ్ళంతా ఎక్కడి నుంచి వచ్చాయని అడుగుతారు. అవి ఎక్కడి నుంచీ రాలేదు. నల్లరాయి పగుళ్ళ వెంట పొరలు పొరలుగా ఊడి, మూలలు అరిగి, పుట్టిన చోటే గుండ్రమయ్యాయి.

మర్నాడు అదే ఐదున్నర. పుల్ల కనబడింది. పొడి నేలలో ఉంది, దాని మొదట్లో నిన్నటి కసువు వరస కట్టి ఉంది. పుల్ల దగ్గర నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ పోయాను. ఏడు. ఎనిమిదోది తడిసింది.

ఒంగి చూసేలోపే వెనక నుంచి మంద దిగింది. నీళ్ళ వాసన తగిలిన గొర్రెలు ఆగుతాయా? నా రెండు పక్కలా తోసుకుంటూ పోయి మూతులు పెట్టేశాయి. వెనక్కి తిరిగితే నిన్నటి గట్టు లేదు, మొన్నటిది సగం ఉంది, మిగిలినదంతా డెక్కల గుంటలే. కాపరి పుల్ల పీకి, మంద పక్కగా నడిచిపోయి, కొత్త అంచున గుచ్చాడు.