పేర్లు మిగిలిన చోటా, అంకె మిగిలిన చోటా

గోదావరి డెల్టాకు మాంచెస్టరు పేరు కొత్తది కాదు. కోరంగి పక్కన ఇంజరంలోనూ, నరసాపురం పక్కన మాధవాయపాలెంలోనూ ఈస్టిండియా కంపెనీ కొఠీలు పెట్టి, ఇక్కడి సాలెవారు నేసిన సరుకును ఓడలకెక్కించిన రోజులున్నాయి. మాధవాయపాలెం ఇంగ్లీషువాడి నోట ‘మడపొల్లం’ అయి, చివరికి ఒక రకం బట్టకే పేరైంది. తరువాత లాంకషైరు మిల్లులు ఆ పేరుతోనే గుడ్డ నేశాయి. ఇక్కడ మగ్గం మూలపడింది. స్వదేశీ ఉద్యమం నాటి నుంచి మాంచెస్టరంటే మనకు ఆ మిల్లుగుడ్డే.

ఆ మాంచెస్టరు శ్రామిక జనానికి మరో కథ ఉంది. తమ ఫుట్‌బాల్ జట్టు విమానప్రమాదంలో కూలిపోతే, ఆ చావును వాళ్ళు అరవయ్యేళ్ళు దాటినా ఎలా గుర్తుంచుకున్నారు, పత్రికలు దాన్ని ఎలా చెప్పుకొచ్చాయి అన్నది ఆ కథ. దాని పక్కన మన కోరంగి ఉప్పెనను పెట్టి చూడాలని నా ఉద్దేశం. ఒకటి ఇరవై ముగ్గురి చావు, రెండోది ఊళ్ళకు ఊళ్ళ చావు. పోలిక వింతగా తోచవచ్చు. కాని ఒక ప్రజ తన మృతులను ఏ సాధనాలతో నిలుపుకుంటుంది, ఏ సాధనాలు లేక పోగొట్టుకుంటుంది అన్న ప్రశ్నకు ఈ రెండూ కలిపి చూస్తేనే జవాబు దొరుకుతుంది. రచయితలకూ, సాహిత్య విద్యార్థులకూ ఇది పరాయి ప్రశ్న కాదు.

మాంచెస్టర్ యునైటెడ్ జట్టు 1878లో న్యూటన్ హీత్ రైల్వే పెట్టెల షెడ్డు కార్మికులు పెట్టుకున్న జట్టు. 1958 నాటికి అది దేశంలోకెల్లా గొప్ప జట్టు. ఆటగాళ్ళలో చాలామంది ఇరవై, ఇరవై రెండేళ్ళ కుర్రాళ్ళు, కార్మిక కుటుంబాల బిడ్డలు. బాబీ చార్ల్‌టన్ తండ్రి బొగ్గుగనిలో కూలి. 1958 ఫిబ్రవరి 6న బెల్‌గ్రేడులో ఆడి తిరిగివస్తూ, చమురు కోసం మ్యూనిక్‌లో దిగిన వారి విమానం మూడోసారి పైకి లేవబోయి కూలిపోయింది. ఎక్కినవారు 44 మంది, చనిపోయినవారు 23 మంది. అందులో ఆటగాళ్ళు 8 మంది. డంకన్ ఎడ్వర్డ్స్ పదిహేను రోజులు ఆసుపత్రిలో పెనుగులాడి, ఇరవయ్యొక్క ఏళ్ళకే కన్నుమూశాడు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. చనిపోయినవారిలో పత్రికా విలేఖరులు కూడా 8 మంది. అంటే మర్నాడు ఆ వార్త అచ్చువేసిన పత్రికలకు అది సొంతింటి చావు. ఒక దుర్ఘటన చరిత్రలో ఎంతకాలం నిలుస్తుందన్నది దాని తీవ్రత మీదనే ఆధారపడదు. కలం పట్టినవాడికి అది ఎంత దగ్గరగా జరిగిందన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. ఈ మాట కోరంగి దగ్గరికి వచ్చినప్పుడు మళ్ళీ పనికివస్తుంది.

అక్కడ జరిగింది చిన్న పనే. మైదానం గోడకు 1960లో ఒక గడియారం పెట్టారు. దాని మీద తారీఖూ, ఊరి పేరూ రాశారు. ఏటా ఫిబ్రవరి 6న అభిమానులు దాని కింద చేరి పేర్లు చదువుతారు. ఆట చూడడానికి కొడుకును తీసుకొచ్చిన తండ్రి ఆ గడియారం చూపించి, ఆ కుర్రాళ్ళ పేర్లు వరసగా చెబుతాడు. ఇటలీలోని తూరిన్‌లో ఈ ఆచారం ఇంకా పాతది. 1949 మే 4న తొరీనో జట్టు విమానం సూపెర్గా కొండను ఢీకొంది; 18 మంది ఆటగాళ్ళతో సహా 31 మంది పోయారు, ఒక్కరూ మిగలలేదు. ఏటా ఆ రోజున జనం కొండెక్కుతారు. నాటి జట్టు నాయకుడు చనిపోయినవారి పేర్లు బిగ్గరగా చదువుతాడు. స్మృతికి ఇంతకన్నా పెద్ద సాధనం అక్కర లేదని ఆ జనం రుజువు చేశారు: ఒక చోటు, ఒక రోజు, ఒక పేర్ల పట్టిక.

కాని ఆ పట్టికను కూడా మనం వర్గదృష్టితో చదవాలి. పత్రికలు మ్యూనిక్ కథను ‘బూడిదలోంచి లేచిన జట్టు’ కథగా మలిచాయి. ప్రమాదంలో బతికిన శిక్షకుడు మాట్ బస్బీ పదేళ్ళకు, 1968లో, ఐరోపా కప్పు గెలిపించడంతో ఆ కథకు కావలసిన ముగింపు దొరికింది. కథ అంత నున్నగా కుదిరినప్పుడు దానిలో పట్టనివాళ్ళు బయటపడిపోతారు. బతికి బయటపడినా మళ్ళీ ఆడలేకపోయిన జానీ బెర్రీ, జాకీ బ్లాంచ్‌ఫ్లవర్ క్లబ్బు ఇచ్చిన ఇళ్ళు ఖాళీ చేయవలసి వచ్చింది. బతికినవారికీ, మృతుల కుటుంబాలకూ సహాయనిధిగా ఒక ఆట ఏర్పాటు కావడానికి 1998 దాకా, నలభయ్యేళ్ళు, పట్టింది. ఎనిమిది మంది ఆటగాళ్ళ పేర్లూ గుక్క తిప్పుకోకుండా చెప్పే అభిమానుల్లో ఎందరికి టామ్ కేబుల్ పేరు తెలుసు? ఆయన ఆ విమానంలో ప్రయాణికులకు వడ్డించే పనివాడు. ఆయనా ఆ ఇరవై ముగ్గురిలో ఒకడే.

నింద సంగతి ఇంకా ఘోరం. విమానం రెక్కల మీది మంచు తొలగించలేదని జర్మన్ విచారణ తప్పంతా కప్తాను జేమ్స్ థెయిన్ మీద మోపింది. అసలు కారణం విమానం పరిగెత్తే బాట మీద పేరుకున్న మంచుబురద అనీ, కప్తాను తప్పేమీ లేదనీ 1969లో బ్రిటిష్ విచారణ తేల్చింది. అప్పటికే ఆయన ఉద్యోగం పోయింది. 1975లో చనిపోయాడు. బాట శుభ్రంగా ఉంచవలసిన వ్యవస్థ పక్కకు తప్పుకొని, చుక్కాని పట్టినవాడు పదకొండేళ్ళు దోషిగా నిలబడ్డాడు. మన గోదావరి మీద లాంచీ మునిగినప్పుడల్లా మొదటి వేలు సరంగు వైపే ఎందుకు లేస్తుందో ఆలోచించేవారికి ఈ ఉదంతం పరిచితంగానే ఉంటుంది.

ఇప్పుడు కోరంగికి వద్దాం.

గౌతమీ పాయ సముద్రంలో కలిసే చోట కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. ఓడలు కట్టే ఊరు. 1843లో ‘కోరంగి పాకెట్’ అనే ఓడ ఇక్కడి నుంచే తెలుగు కూలీలను మారిషస్‌కు తీసుకుపోయింది. బర్మాలో తెలుగు కూలి ఏ జిల్లావాడైనా ‘కోరంగీ’యే. 1930 మే నెలలో రంగూను రేవులో తెలుగు కళాసీలు సమ్మె చేస్తే, వాళ్ళ స్థానంలో బర్మీయులను పనిలోకి దించి, సమ్మె తీరగానే మళ్ళీ వాళ్ళను పొమ్మన్నారు. అందులోంచి పుట్టిన అల్లర్లలో వందకు మించి ప్రాణాలు పోయాయి. వాటిని చరిత్రకారులు కోరంగీల మీద జరిగిన దాడులుగానే రాశారు. ఊరు పేరు ఒక్కటే వేలాది మనుషులకు పేరైన తీరు ఇది.

ఈ రేవును సముద్రం రెండుసార్లు ముంచింది: 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరు 25న మరోసారి. మొదటిదానిలో మూడు అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయనీ, ఇరవై వేలమంది పోయారనీ చెబుతారు. రెండోదానికి ప్రపంచ పత్రికలు, పంచాంగాలు, విజ్ఞాన సర్వస్వాలు ఒక అంకె తగిలించాయి: మూడు లక్షల చావులు, ఇరవై వేల ఓడల నష్టం. ప్రపంచంలో ఎక్కడ తుపాను వచ్చినా, ‘చరిత్రలో మహా ప్రళయాలు’ అనే పట్టికలో ఈ అంకె మళ్ళీ అచ్చవుతుంది.

ఈ అంకెను ఒక్కసారి నిలదీసి చూడండి. 1840ల మొదట్లో రాజమండ్రి జిల్లా జనాభా మొత్తం అయిదున్నర లక్షల పైచిలుకని దొరతనపు నివేదిక చెబుతోంది. ఆ తగ్గుదలకు కరువులూ, వలసలూ కారణాలని ఆ నివేదికే వాపోయింది. అలాంటి జిల్లాలో ఒక్క రేవు చుట్టుపట్ల ఒక్క రాత్రి మూడు లక్షలమంది పోయి ఉంటే, సగం జిల్లా ఖాళీ అయ్యేది. ఇరవై వేల ఓడలు పట్టే రేవు ఆనాడు భూమ్మీద ఎక్కడ ఉంది? 1789 నాటి ఇరవై వేలమంది మనుషులు ఎవరి కలంలోనో 1839 నాటి ఇరవై వేల ఓడలుగా మారి ఉంటారని నా అనుమానం. వాస్తవం చిన్నదని నేననడం లేదు. ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి, అది నిజం. కాని పరిశీలనకు నిలవని అంకెను నూరేళ్ళకు పైగా ఎవరూ ప్రశ్నించకపోవడానికి కారణం, దాని వెనక నిలబెట్టడానికి మన దగ్గర ఒక్క మనిషి పేరైనా లేకపోవడమే. పేరున్న చావును ఎవడూ ఇష్టం వచ్చినట్లు హెచ్చవేయలేడు.

కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన ఈ 1839 గాలివాన మీదనే ప్రత్యేకంగా ఒక పరిశోధన రాశాడు. ‘సైక్లోన్’ అనే మాటను లోకానికిచ్చింది ఆయనే. పాము చుట్ట నుంచి తీసిన మాట అది. ఆయన ఆధారాలు ఓడల దినచర్య పుస్తకాలు. అందువల్ల ఓడ పేరు, కప్తాను పేరు, గాలి దిక్కు అన్నీ కాగితం మీద నిలిచాయి. ఆ గాలిని విజ్ఞానశాస్త్రానికి అందించినందుకు ఆయనకు మనం రుణపడి ఉన్నాం. కాని తెరచాప దించడానికి స్తంభమెక్కిన కళాసీకి దినచర్య పుస్తకం లేదు. ఒడ్డున ఉప్పు పండించినవాడికీ, వల వేసినవాడికీ అసలే లేదు. మ్యూనిక్‌లో చావు పత్రికలకు సొంతింటి చావని పైన అన్నాను. కోరంగిలో కలం ఉన్నవాడు ఎక్కడో ఉన్నాడు, చచ్చినవాడు మరెక్కడో ఉన్నాడు. తేడా అంతా ఇక్కడే ఉంది.

మనవాళ్ళకు మరపెక్కువ అని సరిపుచ్చుకుందామా? అది అబద్ధం. ఇదే డెల్టాలో కాటన్ విగ్రహం లేని ఊళ్ళు వెతుక్కోవాలి. 1852లో పూర్తయిన ఆనకట్టను తలుచుకొని రైతు ఈనాటికీ ఆ విగ్రహానికి దండ వేస్తాడు. జ్ఞాపకశక్తి ఉంది, దానికి నీటి తీరువా, పొలం, పంట ఆధారంగా ఉన్నాయి. అదే ఆనకట్టకు రాళ్ళు మోసిన చేతులకు మాత్రం విగ్రహం లేదు. కోరంగికి ఆ ఆధారమూ పోయింది. రేవు పూడిపోయింది, ఓడల పని కాకినాడకు పోయింది, ఆ పనివాళ్ళు రంగూనుకు పోయారు. గడియారం తగిలించడానికి గోడ ఉండాలి గదా. 1978లో అభయారణ్యమైన ఆ మడచెట్ల మధ్య ఈరోజు సెలవులకు వచ్చినవారు పడవ షికారు చేస్తారు. ఆ నీటి కింద ఏముందో వారికి చెప్పేవారు లేరు.

ఇదంతా నూట ఎనభయ్యేళ్ళ నాటి మాట అని ఊరుకోవడానికి వీల్లేదు. 2018 మే 15న దేవీపట్నం మండలంలో మంటూరు దగ్గర గాలివానకు లాంచీ మునిగింది. అందులో ఎక్కువమంది సొంత పనుల మీద ఊరికీ ఇంటికీ తిరిగే గిరిజనులు. మరుసటి సంవత్సరం, 2019 సెప్టెంబరు 15న, అదే మండలంలో కచ్చులూరు దగ్గర, గోదావరి పోటెత్తి ఉండగా, పాపికొండలకు పోతున్న పర్యాటకుల బోటు మునిగింది. రెండో ప్రమాదాన్ని పత్రికలూ, టెలివిజనూ వారాల తరబడి చూపించాయి. అక్టోబరు 22న కాకినాడ బృందం బోటును పైకి తీసేదాకా చూపించాయి. చూపించడం తప్పు కాదు. మొదటిదానికి ఆ వెలుగులో ఎంత భాగం దక్కిందన్నదే ప్రశ్న. సెలవు గడపడానికి ఎక్కినవాడి చావూ, సంతకు పోవడానికి ఎక్కినదాని చావూ ఒకే నదిలో ఒకే విధంగా జరిగాయి. వార్తలో మాత్రం వేరువేరు తూకాలు వేశారు. ఆ రెండు రోజులూ ఏటా వస్తాయి. ఆ రోజుల్లో పత్రికలో కనిపించేది పాత అంకె. మ్యూనిక్‌లో టామ్ కేబుల్‌కు జరిగిందే ఇక్కడ లాంచీలకు లాంచీలకు జరుగుతోంది.

పేర్లు నిలుపుకున్నంత మాత్రాన జనం ఉదాత్తులైపోరు. మాంచెస్టర్ యునైటెడ్ మైదానంలో ఎదుటి జట్ల అభిమానులు కొందరు ఆ చావులనే ఎగతాళి పాటలుగా కట్టి పాడిన రోజులున్నాయి. అయినా 2008లో, యాభయ్యేళ్ళు నిండిన వారంలో, అదే ఊరి ప్రత్యర్థి జట్టుతో ఆట పడినప్పుడు మైదానమంతా ఒక నిమిషం మౌనం పాటించింది. ప్రత్యర్థి అభిమానులూ పాటించారు. ఏటా జరిగే పని గనుకనే దానిలో తప్పు దిద్దుకునే అవకాశం కూడా ఏటా వచ్చింది. ఆ విమానం నుంచి బతికిన ఆటగాళ్ళలో చివరివాడు బాబీ చార్ల్‌టన్ 2023లో పోయాడు. చూసిన కళ్ళు మూతపడ్డాయి, పట్టిక మిగిలింది.

మన పని కూడా ఆ పట్టిక దగ్గర మొదలుపెట్టవచ్చు. ఉప్పెన మీద పద్యాలు మనకు కొదవ లేదు. సముద్రుడి కోపాన్ని వర్ణించినంతగా మనం పోయిన మనిషి ఇంటిపేరు అడగలేదు. తాళ్ళరేవు, యానాం వైపు పల్లెల్లో, దేవీపట్నం కొండపల్లెల్లో కూర్చుని, ఎవరు, ఎవరి బిడ్డ, ఏ పని మీద పడవ ఎక్కారు, వెనక ఎవరు మిగిలారు అని రాసుకునే విద్యార్థులు కావాలి. 1839 నాటివారు మనకిక దొరకరు. 2018 నాటివారి తల్లులు ఇంకా బతికే ఉన్నారు. వాళ్ళు పేర్లు చెప్పగలరు, అడిగేవాళ్ళుంటే.