వట్లూరు: పనికి వెళ్ళే దారి

నగరమంటే భవనాల సముదాయం కన్నా ముందు ఒక శ్రామిక విపణి, అనగా పని కోరేవారూ పని ఇచ్చేవారూ ఇంటికి తిరిగి చేరే వ్యవధి మిగిలేలా ఒకరినొకరు కలుసుకోగల పరిధి అని నగర ప్రణాళికా నిపుణుడు అలాన్ బెర్టో 2018 నాటి తన గ్రంథంలో వాదించారు. ఏలూరును ఆనుకొని పెదపాడు మండలంలో ఉన్న వట్లూరుకు ఈ నిర్వచనం ఎంతో చక్కగా అన్వయిస్తుంది.

19వ శతాబ్ది మధ్యలో ధవళేశ్వరం, విజయవాడ ఆనకట్టలు వెలసి, గోదావరి, కృష్ణా కాలువలు ఏలూరు వద్ద కలిసిన తరువాత ధాన్యం పడవలెక్కి దూరప్రాంతాలకు సాగింది. నాట్లకూ కోతలకూ వెళ్ళే కూలీల పరిధి మాత్రం ప్రధానంగా వారి కాలినడకకు లోబడే ఉండిపోయింది. సరుకు కదలినంత సులువుగా మనిషి కదలలేడన్న ఈ వ్యత్యాసాన్ని డెల్టా చరిత్రలు తగినంత పట్టించుకోలేదనిపిస్తుంది. 1893-96 మధ్య విజయవాడ నుంచి కటక్ వరకు తూర్పుతీర రైలుమార్గం తెరుచుకోవడంతో దూరాన్ని కోసులలో గాక గంటలలో కొలిచే అలవాటు మొదలైంది. తివాచీల నేతకు పేరుపొందిన ఏలూరులో 20వ శతాబ్దిలో జనపనార మిల్లు కూడా నడవగా, 1989లో వట్లూరులో సర్ సి.ఆర్.రెడ్డి ఇంజనీరింగ్ కళాశాల ఏర్పడి, పట్టణం నుంచి పల్లెకు సాగే ప్రయాణానికీ కారణమైంది.