పాలకూర పప్పు – ప్రాణమిచ్చు మందు

తాండూరు కందిపప్పులో పాలకూర వేసి వండుట మన యిండ్లలో క్రొత్త సంగతి కాదు. ఆ గిన్నెలోని యొక పదార్థమునకును, పిల్లల రక్తపు క్యాన్సరును అణచు మందునకును దగ్గర చుట్టరికము కలదు. ఆ చుట్టరికమును కనుగొనుటలో ఒక తెలుగువాని కృషి మిక్కిలి గొప్పది. ఆ కథను శ్రోతలకు మనవి చేయుదుము.

ఎముకల మూలుగలో ప్రతిక్షణము క్రొత్త రక్తకణములు పుట్టుచుండును. అందులకు ఫోలిక్ ఆమ్లము అవసరము. అది చాలనిచో రక్తము క్షీణించును. 1928లో బొంబాయికి వచ్చిన లూసీ విల్స్ అను వైద్యురాలు, పాలిపోయిన గర్భిణీస్త్రీలు ఈస్టు సారముతో కోలుకొనుట గమనించెను. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి ఆ గుణము గల పదార్థమును రవ్వంత వేరుచేసి, లాటిను భాషలో ఆకు అను అర్థమిచ్చు మాటనుబట్టి దానికి పేరు పెట్టిరి.

యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. ఆహారసారము వంటబట్టక రక్తము సన్నగిల్లు స్ప్రూ అను వ్యాధి వారి అన్నగారిని బలిగొనెను. మద్రాసులో వైద్యము చదివి, 1923లో వారు అమెరికా చేరిరి. వారి నాయకత్వమున లెడర్లీ పరిశోధకులు 1945లో ఫోలిక్ ఆమ్లమును ప్రయోగశాలలోనే తయారుచేసిరి. అది స్ప్రూ రోగులకు మేలుచేసెను. అన్నగారికి మాత్రము అందలేదు.

బోస్టనులో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు ఈ జాతి పదార్థమును రక్తపు క్యాన్సరుగల పిల్లలకు ఇచ్చి చూడగా, వ్యాధి మరింత విజృంభించినట్లు తోచెను. మేలుచేయునది శత్రువునకును మేతయైనచో, ఆ మేతను అడ్డగింపరాదా? సుబ్బారావుగారి బృందము దొంగ తాళపుచెవి వంటి పదార్థమును కల్పించెను. అది తాళములో దూరును గాని తిరుగదు. అసలు చెవికి చోటీయదు. దాని పేరు అమినోప్టెరిన్. 1948 జూనులో ఫార్బరు ఫలితములు ప్రకటించెను: పదునార్గురు పిల్లలలో పదిమందికి గుణము కనిపించెను. అది తాత్కాలికమే, కాని అంతకుముందు ఆ మాత్రపు ఆశయు లేదు. ఆ ఆగస్టులోనే, ఏబదిమూడవ యేట, సుబ్బారావుగారు కన్నుమూసిరి.

అమినోప్టెరిన్ తోబుట్టువైన మెథోట్రెక్సేటును ఇతర ఔషధములతో కలిపి నేటికిని వాడుచున్నారు. సంపన్న దేశములలో, మిక్కిలిగా కనబడు బాల్యపు రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలలో పదింట ఎనిమిదిమందికి పైగా బ్రతికి బట్టకట్టుచున్నారు.

పప్పుకూర రక్తమునకు బలమేగాని, క్యాన్సరునకు మందు కాదు. బిడ్డ పాలిపోయినను, విడువని జ్వరమున్నను, దెబ్బ తగులకయే ఒడలు కమిలినను, దిష్టి యని దినములు గడుపక రక్తపరీక్ష చేయింపవలెను. తాండూరునుండియైనను వికారాబాదునుండియైనను హైదరాబాదునకు రైలున్నది. అచ్చట 1955లో వెలసిన మెహ్దీ నవాజ్ జంగ్ క్యాన్సరు ఆసుపత్రి యున్నది. అన్నకు అందని మందు ఆ యన్నదమ్ముల దేశపు బిడ్డలకైనను వేళకు అందవలెను.