మంచు దరువు

మన కోనసీమ తీరంలో సముద్రం మధ్య ఆయిల్ ప్లాట్‌ఫారం అనగానే తుఫాను భయం గుర్తొస్తుంది. ఆర్కిటిక్‌లో అసలు శత్రువు మంచు. అక్కడ గడ్డకట్టిన సముద్రం ఒకచోట ఊరికే పడి ఉండదు. గాలికీ, ప్రవాహానికీ కిలోమీటర్ల పొడవు పలకలుగా కదుల్తూ, దారిలో ఏది అడ్డొస్తే దాన్ని తోస్తుంది. దీన్ని తట్టుకోడానికి ఇంజనీర్లు పడ్డ పాట్ల గురించి ఈ మధ్య చదువుతూ 1986లో జరిగిన ఒక సంఘటన దగ్గర ఆగిపోయాను.

ముందు కొంచెం వెనక్కి వెళ్దాం. 1960లలో అలాస్కాలో, ఆర్కిటిక్‌కి కాస్త దిగువన, కుక్ ఇన్‌లెట్ అనే సముద్రపాయలో ప్లాట్‌ఫారాలు కట్టారు. అక్కడ ఆటుపోట్లు చాలా ఎక్కువ, వాటితో పాటే మంచు పలకలు అటూ ఇటూ పరుగెడతాయి. అందుకని బావుల గొట్టాలని బయట వదిలెయ్యకుండా ప్లాట్‌ఫారం కాళ్ళ లోపల్నుంచే దించారు. నీటిమట్టం దగ్గర అడ్డకమ్మీలు లేకుండా చూసుకున్నారు. 1966లో ఏకంగా ఒంటికాలి మీద నిలబడే 'మోనోపాడ్' కట్టారు.

అక్కడ మంచు బలాన్ని కొలిచిన పేటన్ అనే పరిశోధకుడు ఒక వింత గమనించాడు. మంచు వేగంగా వచ్చినప్పటికన్నా నెమ్మదిగా వచ్చినప్పుడే బలం ఎక్కువ కనిపిస్తోంది! పలక నెమ్మదిగా నెడుతుంటే కాలు కొంచెం వంగుతుంది. మంచు నలిగి పగలగానే కాలు వెనక్కి వస్తుంది. మళ్ళీ నెట్టుడు, మళ్ళీ వెనక్కి. ఈ వరస ఆ కట్టడం సహజంగా ఊగే లయతో కలిసిందా, ఇక ఉయ్యాలని సరిగ్గా టైము చూసి తోసినట్టే.

1970లలో ఆయిల్ వేట కెనడా వైపు బ్యూఫోర్ట్ సముద్రానికి చేరింది. లోతు తక్కువ ఉన్నచోట ఇసుకా కంకరా పోసి దీవులే కట్టేసారు. మొదటిది ఇమ్మెర్క్, 1973లో పూర్తయింది. లోతు పెరిగేకొద్దీ మట్టి ఖర్చు తడిసి మోపెడవుతుంది కదా, అందుకని స్టీలు, కాంక్రీటు పెట్టెలొచ్చాయి. 1983లో వచ్చిన 'కుళ్ళుక్' అనే తేలే రిగ్గుకి ఏటవాలు పక్కలు పెట్టారు. ఎందుకంటే మంచుని నలపడం కష్టం, వంచి విరగ్గొట్టడం తేలిక. 1984 శీతాకాలంలో అలాస్కా వైపు ఒక కట్టడం చుట్టూ సముద్రపు నీళ్ళనే చల్లని గాలిలోకి చిమ్మి, గడ్డకట్టించి గోడ కట్టారు. ముల్లుని ముల్లుతోనే తియ్యడం అన్నమాట.

ఇక అసలు కథ. 'మొలిక్‌పాక్' అంటే అక్కడి ఇనువియాలుయిట్ వాళ్ళ భాషలో పెద్ద కెరటం. ఎనిమిది పలకల స్టీలు కోట అది. మధ్యలో ఖాళీ, ఆ ఖాళీలో నింపిన ఇసుకే దాని బలం. మంచు పక్కకి తోస్తే ఎదురు నిలిచేది ప్రధానంగా ఆ ఇసుకే. గోడలు మటుకు దాదాపు నిట్టనిలువు.

1986 ఏప్రిల్ 12న అమౌలిగాక్ అనే చోట, ఏళ్ళ తరబడి కరగకుండా గట్టిపడ్డ ఒక మంచు పలక వచ్చి దానికి ఆనింది. అంత కోటా ఊగడం మొదలుపెట్టింది, సెకనుకి దాదాపు ఒకసారి చొప్పున. కుక్ ఇన్‌లెట్‌లో సన్నటి కాళ్ళని ఊపిన దరువే ఇది. బీచ్‌లో తడి ఇసుకని ఒకేచోట తొక్కుతూ ఉంటే మెత్తబడి కాలు దిగబడుతుంది చూడండి, లోపలి ఇసుకకీ అదే గతి పట్టింది. ఇసుక రేణువుల మధ్య నీటి పీడనం పెరిగి, ఒక పక్క ఇసుక పట్టు కోల్పోసాగింది. పైన మనుషులున్నారు. అదృష్టవశాత్తూ ఇసుక పూర్తిగా జారిపోకముందే పలక ఆగిపోయింది.

ఆ తర్వాత చేసిన పని నాకు నచ్చింది. ఇంకో బావి కోసం మొలిక్‌పాక్‌ని వేరే చోట నిలబెట్టినప్పుడు, లోపల నింపిన ఇసుకని పేలుళ్ళతో కుదించి గట్టిపరిచారు. 1998లో దాన్ని రష్యాలో సఖాలిన్ తీరానికి తరలించి, అడుగున అదనంగా స్టీలు పీఠం అమర్చారు. 1999లో అక్కణ్ణుంచి ఆయిల్ మొదలైంది.

ఇందులో మన ఫీల్డు వాళ్ళకి పనికొచ్చే సంగతి ఉందనిపించింది. మనం లోడ్ టెస్ట్ చేసేటప్పుడు పీక్ ఎంత అని చూసి, తట్టుకుంది, పాస్ అనేస్తాం. మొలిక్‌పాక్‌కి ప్రమాదం తెచ్చింది ఒక్క పెద్ద దెబ్బ కాదు. అదే దెబ్బ లయ తప్పకుండా మళ్ళీ మళ్ళీ పడటం. పైగా ఆ లయ సంగతి దాదాపు ఇరవై ఏళ్ళ ముందే తెలుసు. కాకపోతే అది సన్నటి కాళ్ళ సమస్య అనే పేరుతో తెలుసు. పాత బగ్ రిపోర్టు పక్క టీము ఫోల్డర్లో ఉండిపోవడం లాంటిదే ఇది.

ఇంకో మాట. మొలిక్‌పాక్ నిండా సెన్సార్లు పెట్టారు. అవి లేకపోతే "ఆ రోజెందుకో బాగా ఊగింది" అనే ముచ్చటే మిగిలేది. అయితే ఆ అంకెలూ వేదవాక్కులు కావు. అప్పట్లో మంచు బలాన్ని దాదాపు 500 మెగాన్యూటన్లని లెక్కగట్టారు, అంటే సుమారు 50 వేల టన్నుల తోపు. తర్వాతెప్పుడో రికార్డులన్నీ తిరగేసి చూసినవాళ్ళు, సెన్సార్లు ఎక్కువ చూపించాయని దాన్ని దాదాపు సగానికి దించారు. పాత రికార్డులు పారెయ్యకుండా దాచారు కాబట్టే ఆ తప్పు దొరికింది.

అందుకే ఇక మీదట సర్వర్లో జాగా లేదని పాత లాగులు చెరిపేసే ముందు నేనైతే ఒక్క నిమిషం ఆలోచిస్తాను.